రైతు పొలమే పరీక్షాశాలా?
ట్రాన్స్‌ఫార్మర్ టెండర్లలో పరీక్షల షరతులు ఎవరిని కాపాడుతున్నాయి?

యాసంగి వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో రెండు మాటలు వినబడతాయి. బోరు ఎండిందనేది ఒకటి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనేది రెండోది. బోరు ఎండితే దేవుణ్ణి తిట్టుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే లైన్‌మన్‌ను తిట్టుకుంటారు. దేవుడి సంగతి దేవుడికే వదిలేద్దాం. లైన్‌మన్‌ను తిట్టేముందు మాత్రం ఒక కాగితం చదవాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను కొన్నప్పుడు కంపెనీతో రాసుకున్న ఒప్పందం అది. అందులో పరీక్షల గురించి రాసిన నాలుగు పేజీల్లోనే పొట్టకొచ్చిన వరి తలరాత ఉంది.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను దించేది రైతులు. ట్రాక్టరుకు కిరాయి కట్టేది రైతులు. రిపేరు షెడ్డు ముందు పడిగాపులు కాసేది రైతులు. మోటరుకు ఇంత అని చందాలేసుకునేది రైతులు. ఈ నాలుగు పనుల్లో ఒక్కటి కూడా రైతు చేయాలని ఏ చట్టంలోనూ లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తెచ్చిన 7వ నంబరు నియమావళి ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని చెప్పింది. చట్టం గడువు పెట్టింది. అయినా ట్రాక్టరు కిరాయి రైతు నెత్తినే పడింది. ఎందుకు? గడువు గురించి మాట్లాడినంతగా, అది అసలు ఎందుకు కాలిందని మనం మాట్లాడలేదు గనుక.

కాగితం మీద ఏముంది?

పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్‌కు దేశమంతటా ఒక ప్రమాణం ఉంది. ఐ.ఎస్. 1180 అంటారు. 2014లో దాన్ని తిరగరాశారు. 2015లో కేంద్రం ఇచ్చిన నాణ్యత ఉత్తర్వుతో ఆ ప్రమాణం ముద్ర లేనిది అమ్మడానికి వీల్లేకుండా చేశారు. కాబట్టి ప్రమాణం లేదనే సాకు ఎవరికీ లేదు.

ఆ ప్రమాణంలో పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. మొదటివి రొటీన్ పరీక్షలు. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఒక్కదానికీ చేయాల్సినవి. చుట్ల నిరోధం ఎంత, చుట్ల నిష్పత్తి సరిగా ఉందా, లోడు లేనప్పుడు ఎంత కరెంటు తింటోంది, లోడు ఉన్నప్పుడు ఎంత తింటోంది, ఇన్సులేషన్ 28 కిలోవోల్టుల్ని ఒక నిమిషం ఓర్చుకుంటుందా, ఆయిలు కారుతోందా అనేవి ఇందులో చూస్తారు. ఇవి గంటల్లో అయిపోతాయి.

రెండోవి టైపు పరీక్షలు. డిజైనుకు చేసేవి. పిడుగు పడ్డప్పుడు వచ్చే ఉప్పెనను ఓర్చుకుంటుందా? నిండు లోడు మీద ఎంత వేడెక్కుతుంది? లైన్లు తగులుకుని షార్ట్ సర్క్యూట్ అయితే కాయిళ్లు చెక్కుచెదరకుండా నిలబడతాయా? మన పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ బతకాలా చావాలా అని తేల్చేవి ఈ రెండో రకం పరీక్షలే. మరి ఇవి ప్రతిదానికీ చేస్తారా? చేయరు. చేయలేరు కూడా. ఒక్కదానికి చేసి, ఆ నివేదిక చూపించి, వేలాదిగా అమ్ముతారు. తిరకాసంతా ఇక్కడే మొదలవుతుంది.

చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి

టెండరు వేసే కంపెనీ టైపు పరీక్షల నివేదిక జతచేయాలని, అది ఐదేళ్ల కన్నా పాతది కాకూడదని షరతు పెట్టడం మామూలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నివేదిక దేనికి? నాలుగేళ్ల కిందట ల్యాబుకు పంపిన ఒకానొక ట్రాన్స్‌ఫార్మర్‌కు. దాన్ని ఎంత శ్రద్ధగా చుట్టి ఉంటారో వేరే చెప్పాలా? మంచి స్టీలు రేకులు, నిండు బరువు కాయిలు, గట్టి బిగింపులు, ఆరబెట్టిన కాగితం, శుభ్రమైన ఆయిలు. పెళ్లిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టినట్టు, పరీక్షకు పోయింది ఒకటి, పొలానికి వచ్చింది ఇంకొకటి కావడానికి దారి తెరిచి పెట్టింది ఎవరు? ఆ షరతు రాసిన చేయే.

దీనికి మందు లేదా? ఉంది. కంపెనీ సరఫరా చేసిన లాటులోంచి, మన స్టోరులోకి వచ్చిన తర్వాత, మనవాళ్లు చీటీ తీసినట్టు ఏదో ఒకదాన్ని ఎంచి, సీలు వేసి, మూడో పక్షం ల్యాబుకు పంపాలి. పరీక్షలో నెగ్గితే ఖర్చు కొన్నవాళ్లది. ఓడితే ఖర్చు అమ్మినవాళ్లది, లాటు మొత్తం వాపసు. ఈ నాలుగు వాక్యాలు ఒప్పందంలో ఉంటే కంపెనీ ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ ల్యాబుకు పోయేదే అనుకుని చుడుతుంది. లేకపోతే ప్రతిదాన్నీ పొలానికి పోయేదే అనుకుని చుడుతుంది. ఈ రెంటికీ ఉన్న తేడాయే రైతు కట్టే కిరాయి.

ల్యాబులు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ 1960 నుంచి ఉంది. దాని కేంద్రం బెంగళూరులో. షార్ట్ సర్క్యూట్ పరీక్షలకు బెంగళూరు, భోపాల్‌లలో ఏర్పాట్లున్నాయి. మన హైదరాబాద్ ఉప్పల్‌లో ఆ సంస్థదే అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల ఉంది. కొరత ల్యాబులది కాదు. పంపాలన్న షరతుది, ఆ షరతు ఉన్నచోట పంపే మనసుది.

100 వాట్ల లెక్క

ట్రాన్స్‌ఫార్మర్ తనకు తానే కొంత కరెంటు తింటుంది. లోడు ఉన్నా లేకపోయినా ఇనుప రేకులు తినేది ఒకటి. లోడు పెరిగిన కొద్దీ కాయిళ్లు తినేది ఇంకొకటి. 2014 నాటి ప్రమాణం ఈ తిండికి కంచె వేసింది. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ మొదటి స్థాయిదైతే సగం లోడు మీద మొత్తం నష్టం 520 వాట్లు, నిండు లోడు మీద 1,800 వాట్లు దాటకూడదు.

ఇప్పుడు మనం చదువుకున్న లెక్కే వేద్దాం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప రేకుల నష్టం ఒప్పుకున్నదాని కన్నా 100 వాట్లు ఎక్కువ ఉందనుకోండి. ఒక బల్బు. అంతేకదా అనిపిస్తుంది. కానీ ఆ బల్బు ఆరిపోదు. ఏడాదికి 8,760 గంటలు వెలుగుతూనే ఉంటుంది. 876 యూనిట్లు. యూనిటు 5 రూపాయలే అనుకున్నా ఏడాదికి 4,380 రూపాయలు. పాతికేళ్లకు 1,09,500 రూపాయలు. ఇట్లాంటివి 1,000 ఉంటే పది కోట్ల తొంభై ఐదు లక్షలు. ఈ సొమ్ము ఏ కంపెనీ బిల్లులోనూ కనబడదు. పంపిణీ నష్టం పద్దులో కలిసిపోతుంది. నష్టం అనగానే రైతు పేరు ముందుకొస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. వ్యవసాయానికి రోజుకు 7 గంటలు మాత్రమే కరెంటు ఇచ్చిన కాలంలో ఆ 100 వాట్లు ఏడాదికి 2,555 గంటలు తినేవి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టారు. అంటే అదే లోపం మూడింతలకు పైగా బరువైంది. సరఫరా గంటలు పెంచినప్పుడు పరీక్షల షరతులు కూడా అంతే బిగించాలి కదా! గంటల గురించి ఫ్లెక్సీలు కట్టినవాళ్లు వాట్ల గురించి ఒక్క పేజీ అయినా తిరగరాశారా?

టెండరు మదింపులో ధర ఒక్కటే చూస్తే తక్కువ ధరవాడే గెలుస్తాడు. ధరకు తోడు జీవితకాలం అది తినే కరెంటు విలువను కూడా కలిపి చూస్తే లెక్క మారుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. విద్యుత్ ఇంజనీర్లందరికీ తెలిసిందే. కానీ ఇందులోనూ ఒక కిటుకు ఉంది. టెండరులో తక్కువ నష్టం రాసిచ్చి గెలవచ్చు. సరఫరా చేసేటప్పుడు ఎక్కువ నష్టం ఉన్నవి పంపవచ్చు. కొలిచేవాడు లేకపోతే రాసిచ్చిన అంకెకు విలువేముంది? అందుకే హామీకి, పరీక్షకు, జరిమానాకు ముడి వేయాలి. మూడింటిలో ఒకటి తెగినా మిగతా రెండూ ఉత్త కాగితమే.

ఎండ, మంట, అర సెకను

వేడి పరీక్ష సంగతి చూద్దాం. నిండు లోడు మీద పైనున్న ఆయిలు బయటి ఎండ కన్నా 35 డిగ్రీలు, కాయిలు 40 డిగ్రీలు మించి వేడెక్కకూడదని ప్రమాణం. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అంటే ఆయిలు 80 డిగ్రీలు. అది హద్దు. ఇక అమ్మినవాడు కాయిలు బరువు తగ్గించాడనుకోండి, ట్యాంకు రెక్కలు చిన్నవి చేశాడనుకోండి, ఆ హద్దు చెరిగిపోతుంది. కాయిలు చుట్టూ ఉన్నది కాగితం. వేడి 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ కాగితం ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుందని ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. పాతికేళ్లు బతకాల్సింది 12 డిగ్రీల అదనపు వేడితో ఆరేళ్లకే ముసలిదవుతుంది. ఆ పైన లోడు పెరిగితే మూడు యాసంగులు కూడా దాటదు.

ఈ పరీక్ష ఒక పూటలో అయ్యేది కాదు. వేడి పెరగడం గంటకు ఒక డిగ్రీ కన్నా తగ్గేదాకా, అట్లా తగ్గి నిలకడగా ఉండేదాకా ఆగాలి. పొద్దున పోయి సాయంత్రం బండెక్కే ఇంజనీరు దాన్ని చూడగలడా? ఒప్పందంలో పరీక్ష పేరు రాస్తే చాలదు. ఎన్ని గంటలు, ఎవరి సమక్షంలో, ఎవరి మీటర్లతో, ఆ మీటర్లను చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా రాయాలి. అమ్మేవాడి తక్కెడతో తూచి అమ్మేవాడి లెక్కే ఒప్పుకుంటే మార్కెట్ యార్డులో మన రైతు పత్తి తూకానికి, దీనికి తేడా ఏముంది?

షార్ట్ సర్క్యూట్ పరీక్ష ఇంకా కఠినం. మూడు ఫేజుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు మొత్తం 9 దెబ్బలు. ఒక్కోటి అర సెకను. ఆ తర్వాత కాయిళ్లు జరిగాయా లేదా అని కొలుస్తారు. రొటీన్ పరీక్షలు మళ్లీ చేస్తారు. గాలివానకు తీగలు తగులుకున్నప్పుడు పొలంలో జరిగేది అచ్చంగా ఇదే. ల్యాబులో 9 దెబ్బలు తినని డిజైనుకు మన చెల్కలో మొదటి గాలిదుమారమే పరీక్ష అవుతుంది. అప్పుడు ఓడిపోయేది కంపెనీ కాదు. రైతు.

గ్యారంటీ గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

గ్యారంటీ షరతు చదివితే ఒక మాట కనబడుతుంది: స్టోరుకు చేరిన నాటి నుంచి ఇన్ని నెలలు, లేదా స్తంభమెక్కిన నాటి నుంచి ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. ఈ 'ఏది ముందైతే అది' అనే మాట ఎవరి కోసం? ట్రాన్స్‌ఫార్మర్ స్టోరులో వానకు తడుస్తూ పడి ఉంటే గడియారం తిరుగుతూనే ఉంటుంది. పొలంలో కాలేనాటికి గ్యారంటీ తీరిపోతుంది. 'ఏది తర్వాతైతే అది' అని రాయడానికి సిరా ఎక్కువ పడుతుందా?

చట్టం కొన్నవాడి పక్షానే ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ ఏమంటోంది? ఒప్పుకున్న ప్రకారం ఉందో లేదో పరీక్షించుకునే న్యాయమైన అవకాశం దొరికేదాకా, ముందుగా చూడని సరుకును కొన్నవాడు అంగీకరించినట్టు కాదంటోంది. కానీ 42వ సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది. న్యాయమైన గడువు దాటినా, వద్దని చెప్పకుండా సరుకును దగ్గర పెట్టుకుంటే అంగీకరించినట్టే. అంటే పరీక్షించే హక్కు వాడుకోనివాడు ఆ హక్కును పోగొట్టుకుంటాడు. పంపిణీ సంస్థ స్టోరులో నోరు మూసుకుంటే, పొలంలో రైతు ఎంత మొత్తుకున్నా ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

జరిమానా కూడా అంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఒక మొత్తం రాసుకుంటే, ఆ మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారం రాబట్టవచ్చు. ఏమీ రాసుకోకపోతే ప్రతి పైసా నష్టాన్నీ రుజువు చేసుకోవాల్సిందే. రాసుకోవడమే సగం గెలుపు. ఆ సగాన్ని ఎవరు వదిలేస్తున్నారని మేం అడుగుతున్నాం.

ఉద్యోగుల మీద నింద వద్దు

ఫ్యాక్టరీకి పరీక్షకు పోయే ఇంజనీరును, స్తంభమెక్కే లైన్‌మన్‌ను ఒకే గాటన కట్టి అవినీతిపరులనడం తేలిక. మేం ఆ పని చేయం. పరీక్షకు కావాల్సిన సదుపాయాలన్నీ తయారీదారే ఉచితంగా కల్పించాలని ఒప్పందాల్లో రాస్తారు. పరికరాలు వాళ్లవి, గది వాళ్లది, మనుషులు వాళ్లవి. అట్లాంటి చోట ఒంటరిగా నిలబడి 'ఇది ఫెయిల్' అని రాయడానికి గుండె కావాలి. ఆ రాసినవాణ్ణి తర్వాత కాపాడే కాగితం కూడా కావాలి. పాస్ రాసినవాడికి బాధ లేదు. ఫెయిల్ రాసినవాడే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే ఏ ఉద్యోగి మాత్రం ఫెయిల్ రాస్తాడు? ఉద్యోగ సంఘాలు జీతాల మీద, ప్రమోషన్ల మీద పోరాడినంత గట్టిగా ఈ ఒక్క రక్షణ మీద పోరాడాలి.

రిపేరు షెడ్ల గోడు వేరే ఉంది. కొత్తదానికి ఇన్ని పరీక్షలున్నాయి. కాలి బాగై వచ్చినదానికి? కాయిలు తిరిగి చుడతారు, ఆయిలు పోస్తారు, బండెక్కిస్తారు. కొత్త కాయిలు బరువెంత? పాత కాయిలు ఎక్కడికి పోయింది? ఆయిలు బలం కొలిచారా? రెండు లోహపు గుండ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల సందులో ఆయిలు పోసి, ఎన్ని కిలోవోల్టుల దగ్గర మెరుపు దూకుతుందో చూసే చిన్న పరీక్ష అది. నిమిషాల పని. దాన్ని కూడా ఎగ్గొడితే వారంలో మళ్లీ ట్రాక్టరు కట్టాల్సిందే. రిపేరు కాంట్రాక్టులో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంత అని కూలి కడుతున్నాం. ఎన్నిసార్లు కాలితే అన్నిసార్లు కూలి. తిరిగి కాలితే ఉచితంగా బాగుచేయాలన్న షరతు ఎక్కడుందో చూపించమనండి.

'ధర పెరుగుతుంది, రైతే ఓవర్‌లోడ్ చేస్తాడు'

మాకు తెలిసిన జవాబులే వస్తాయి. పరీక్షలు బిగిస్తే ధర పెరుగుతుందంటారు. పెరగనీయండి. పైన వేసిన 100 వాట్ల లెక్కలో పోయిన లక్ష రూపాయల కన్నా ఎక్కువ పెరుగుతుందా? చిన్న కంపెనీలు చచ్చిపోతాయంటారు. నిక్కచ్చిగా చుట్టే చిన్న కంపెనీని చంపుతున్నది పరీక్ష కాదు. పరీక్ష లేకపోవడం. కాయిలులో కోత పెట్టినవాడి ధరతో నిజాయితీపరుడు ఎట్లా పోటీ పడతాడు?

ఇక చివరి బాణం. రైతులు అనుమతి లేని మోటర్లు పెడతారు, ఆటో స్టార్టర్లు పెడతారు, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి, అందుకే కాలుతుంది అంటారు. ఇందులో నిజం లేదని మేం అనం. ఉంది. కానీ ఆలోచించండి. ఆ సంగతి తెలిసే కదా కొంటున్నారు! పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్న రాష్ట్రంలో లోడు ఎట్లా ఉంటుందో ఇంజనీర్లకు తెలియదా? తెలిసినప్పుడు ఆ లోడును కొలిచి, అందుకు తగ్గ సైజు, అందుకు తగ్గ పరీక్ష ఒప్పందంలో ఎందుకు పెట్టరు? పైగా ఓవర్‌లోడు వల్ల కాలిందా, నాసి కాయిలు వల్ల కాలిందా అని తేల్చాలంటే కాలినదాన్ని విప్పి చూసి రాయాలి. విప్పకుండానే తీర్పు చెబితే అది ఇంజనీరింగు కాదు. పంచాయితీ.

అప్పుడూ ఇప్పుడూ

ఈ ప్రాంతానికి కాలువలు రాలేదు. నీళ్లు భూమిలోంచి తోడుకోవాల్సి వచ్చింది. అందుకే కరెంటు మనకు బువ్వ. 1999 ఫిబ్రవరిలో సంస్కరణల పేరు మీద విద్యుత్ బోర్డును చీల్చారు. 2000లో పంపిణీ కంపెనీలు పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 28న చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు విడిచారు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పంపిణీ కంపెనీలు మనవయ్యాయి. బోర్డు మీద పేరు మారింది. టెండరు షరతుల్లో రైతు జాగా మారిందా?

పరాయి పాలకులు రాసిన ఒప్పందమని ఇదివరకు అన్నాం. ఇప్పుడు రాసేది మనవాళ్లే. అడగడంలో మొహమాటం ఎందుకు? ఉమ్మడి రాష్ట్రాన్ని అడిగిన నోటితోనే మన రాష్ట్రాన్ని కూడా అడగాలి. లేకపోతే అప్పుడు అడిగింది న్యాయం కోసం కాదు, కుర్చీ కోసమని లోకం అంటుంది.

మనం అడగాల్సినవి

ఒకటి: స్టోరుకు వచ్చిన లాటులోంచి ఎంచిన నమూనాను మూడో పక్షం ల్యాబుకు పంపకుండా పూర్తి బిల్లు చెల్లించకూడదు. 
రెండు: నష్టం హామీ దాటితే జరిమానా, హద్దు దాటితే లాటు వాపసు. 
మూడు: గ్యారంటీ స్తంభమెక్కిన రోజు నుంచి లెక్కించాలి. 
నాలుగు: కాలిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ విప్పి కారణం రాయాలి. తయారీదారు పేరు, సీరియల్ నంబరు, కొన్న ఏడాది, కాలిన తేదీ సబ్‌స్టేషన్ గోడ మీద ఉండాలి. 
ఐదు: ఫెయిల్ రాసిన ఉద్యోగికి రాతపూర్వక రక్షణ ఉండాలి. 
ఆరు: రిపేరై వచ్చినదానికి పరీక్ష చీటీ లేకుండా రైతు ట్రాక్టరు ఎక్కించకూడదు. అసలు ట్రాక్టరే రైతుది కాకూడదు.

విద్యార్థులకు ఒక మాట. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సర్క్యూట్ పరీక్ష, షార్ట్ సర్క్యూట్ పరీక్ష ల్యాబు రికార్డులో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ చదువే ఇది. 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. దాని 4వ సెక్షన్ అడగకముందే వివరాలు బయటపెట్టమంటోంది. పెట్టకపోతే దరఖాస్తు రాయండి. మీ మండలంలో గత మూడేళ్లలో కాలినవెన్ని, అందులో గ్యారంటీలో ఉన్నవెన్ని, కంపెనీకి వాపసు పోయినవెన్ని అని మూడు ప్రశ్నలు చాలు. వచ్చిన జవాబును ఊరి రచ్చబండ దగ్గర చదవండి. జవాబు రాకపోతే ఆ సంగతి కూడా చదవండి.

రైతులకు ఒక మాట. కాలినదాన్ని ట్రాక్టరు ఎక్కించేముందు దాని మీదున్న రేకు చూడండి. పేరు, నంబరు, ఏడాది రాసిపెట్టుకోండి. రేకు లేకపోతే అసలు ఎక్కించకండి. సబ్‌స్టేషన్‌కు కబురు పెట్టి, 48 గంటల గడువు గుర్తుచేసి, రసీదు అడగండి.

పరీక్ష ఫ్యాక్టరీలో జరగాలి. ల్యాబులో జరగాలి. స్టోరులో జరగాలి. ఈ మూడు చోట్లా ఎగ్గొట్టిన పరీక్షను మన పొలంలో, మన పంట మీద, మన ఖర్చుతో జరపడానికి ఇకమీద ఒప్పుకోం.